గది తాళంతో పాటు ఒక కాగితం: గుంటూరు ఇంటి యజమానులకు బహిరంగ లేఖ

గుంటూరు నగరంలోనూ, నంబూరు, కాజ, పెదకాకాని, వడ్డేశ్వరం వంటి ఊళ్లలోనూ విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే అన్నలకు, వదినలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నేనూ మీలో ఒకరిని. బ్రాడీపేటలో మా మేడ మీద ఉన్న రెండు గదులను విద్యార్థులకే ఇస్తాను. మావారు ఉద్యోగంలో ఉండగా బ్యాంకు అప్పు తీసుకుని వేసిన గదులవి. ఆయన పోయాక నా పెన్షనుకు ఆ అద్దె తోడైతేనే మందులు, ఇంటి పన్ను, మోటారు మరమ్మతులు అన్నీ గడుస్తున్నాయి. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. కట్టినవాళ్లకు ఆ కష్టం తెలుసు. అద్దె అడగడం మన హక్కు, అందులో నాకు రెండో మాట లేదు.

నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. గది తాళం చేతికిచ్చేటప్పుడు దానితో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు ఏ లెక్కన, ఖాళీ చేసిన రోజు ఎంత తిరిగి వస్తుంది అన్నవి రాసి, ఇద్దరూ సంతకం చేసిన ఒక్క కాగితం. ఇప్పుడు మన ఇళ్లలో చాలా వాటిలో ఇది లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు మన నోటి మాట నమ్మి వేల రూపాయలు చేతిలో పెడుతున్నారు. వాళ్ల మాట మాత్రం మనం నమ్మడం లేదు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైన దగ్గర నుంచి మన వీధుల్లో కనబడే మనుషులను మీరూ చూస్తారు. మాచర్ల నుంచో, వినుకొండ నుంచో, రేపల్లె నుంచో వచ్చి, బస్టాండులో దిగి, ఆటోలో శంకర్ విలాస్ సెంటరు దాకా వచ్చి అక్కడి నుంచి నడక మొదలుపెడతారు. తండ్రి చేతిలో సంచి, కూతురి చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లూ అడ్డరోడ్లూ వాళ్లకు అంతుపట్టవు. నాలుగో లైనులో పద్నాలుగో అడ్డరోడ్డు అంటే ఎటో తెలియక ఒకే వీధిలో రెండుసార్లు తిరుగుతారు. తలెత్తి మేడల మీద టులెట్ బోర్డు కోసం వెతుకుతారు. బోర్డు కనబడితే దాని కింద ‘కుటుంబాలకు మాత్రమే’ అని ఉంటుంది. బోర్డు లేని చోట బ్రోకర్ ఉంటాడు. గది చూపినందుకు ఒక నెల అద్దె ఆయనకు వెళుతుంది. లక్ష్మీపురం, కొరిటెపాడు, విద్యానగర్, గోరంట్ల, ఎటు వెళ్లినా ఇదే వరస.

ఈ ఊరు చదువుల ఊరని మనమే గర్వంగా చెప్పుకుంటాం. ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి ఉంది. వైద్య కళాశాల 1946లో వచ్చింది. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక వ్యవసాయ విశ్వవిద్యాలయం లాం గ్రామానికి చేరింది. చౌడవరం, వడ్లమూడి, వడ్డేశ్వరం అన్నీ ఇంజనీరింగ్ విద్యార్థులతో నిండిపోయాయి. 2017లో అమరావతి గ్రామాల్లో మరో రెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తరగతులు మొదలుపెట్టాయి. కళాశాలలు పెరిగినంతగా వాటి హాస్టళ్లు పెరగలేదు. హాస్టల్లో చోటు దొరకని వాళ్లూ, దొరికినా అక్కడి ఫీజు కట్టలేని వాళ్లూ మన దగ్గరికే వస్తారు. వాళ్ల అద్దె మీద మన మేడలు లేచాయి. మన వీధి చివర మెస్సు, కర్రీ పాయింట్, జిరాక్స్ దుకాణం, అన్నీ వాళ్ల మీదే నడుస్తున్నాయి.

వెనకటి రోజుల్లో చదువుకునే పిల్లలకు గుంటూరు ఏదో ఒక నీడ చూపేది. వారాలు చేసుకుని చదివిన తరం వాళ్లు మన ఇళ్లలోనే ఉండేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆ వారాల అన్నం కొన్ని కులాల పిల్లలకే దొరికేదన్నది కూడా నిజమే, దాన్ని దాచిపెట్టి పాత రోజులను పొగడలేను. ఆ రోజుల్లోనే 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారి దంపతులు ఈ ఊళ్లోనే శారదా నికేతనం పెట్టి, ఎవరూ లేని ఆడపిల్లలకు చదువుతో పాటు ఉండే చోటు కూడా ఇచ్చారు. చదువు చెప్పాలంటే ముందు తల దాచుకునే చోటు చూపాలని వాళ్లకు వందేళ్ల కిందటే తెలుసు.

ఇక అడ్వాన్సు సంగతి. మన దగ్గర రెండు నెలలు, మూడు నెలలు, కొందరి దగ్గర అంతకన్నా ఎక్కువే తీసుకుంటున్నారు. ఖాళీ చేసే రోజు వచ్చేసరికి గోడల సున్నాలకు ఒక నెల అద్దె పట్టుకుంటారు. గది శుభ్రం చేయించాలని కొంత, కుళాయి మార్చాలని కొంత. మిగిలింది ‘కొత్తవాళ్లు చేరాక పంపిస్తాం’ అంటారు. పిల్లవాడి పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఊరికి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి ఫోను చేస్తే ఎత్తేవారు ఉండరు. ఆ డబ్బు కోసం బస్సు చార్జీ పెట్టుకుని మళ్లీ రావడం దండగని తండ్రి ఊరుకుంటాడు. మా ఇంట్లో చేరిన ఒక అబ్బాయికి అంతకు ముందున్న ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. అడ్వాన్సు ఇచ్చినట్టు అతని దగ్గర ఒక్క ఆధారమూ లేదు. నగదే కావాలన్నారట, అలాగే ఇచ్చాడట. మా గది చూసిన వెంటనే అతను అద్దె ఎంతని అడగలేదు. ‘రసీదు ఇస్తారా అండీ?’ అని అడిగాడు.

ఆ తండ్రులు ఎవరో ఒకసారి తలచుకోండి. వాళ్లలో సగం మంది మన మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చే రైతులు. యార్డులో కాటా వేస్తే బరువు రాసిన చీటీ ఇస్తారు. ఏ ధరకు కొన్నారో, కమీషన్ ఎంత పట్టుకున్నారో లెక్క రాసి ఇస్తారు. ఆ లెక్కలో మోసం ఉంటే అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది. అదే రైతు ఆ డబ్బు తెచ్చి బిడ్డ గదికి అడ్వాన్సుగా ఇస్తే, చదువుకున్న మనం, పెన్షన్లు తీసుకునే మనం, చీటీ ముక్క కూడా ఇవ్వడం లేదు. నాకు ఇది చాలా బాధగా ఉంది.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమే అయితే నేను ఇంత పొడుగున రాసేదాన్ని కాదు. అద్దె కట్టినవాళ్లకు రసీదు పొందే హక్కును 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే ఇచ్చారు. 2017లో మన రాష్ట్రం అద్దె ఇళ్లకు కొత్త చట్టం తెచ్చింది, అది ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలంటుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు గదికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. ఖాళీ చేసి తాళం అప్పగించిన రోజే, రావలసిన బకాయిలు పోగా మిగిలింది తిరిగి ఇవ్వాలంటుంది. నమూనా చట్టాన్ని అమలు చేయడం రాష్ట్రాల ఇష్టం. మనం పాటించడానికి మాత్రం ఎవరి ఉత్తర్వులూ అక్కరలేదు.

కరెంటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో మంచివాళ్లు కూడా ఇక్కడ లెక్క వేసుకోవడం లేదు. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేయడం ఊరంతా మామూలైపోయింది. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లకు 1.90, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. అంటే 400 యూనిట్లు దాటినా పది రూపాయల స్లాబు లేదు. ‘పిల్లల వాడకం కలవడం వల్లే మా బిల్లు పై స్లాబుకు వెళుతోంది’ అని మనవాళ్లు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి అదీ లెక్క వేద్దాం. మన ఇంటికి 200 యూనిట్లు, రెండు గదులకు చెరి 75 అనుకోండి. మొత్తం 350 యూనిట్లకు సుమారు 2,111 రూపాయలు అవుతుంది. సగటున యూనిట్‌కు ఆరు రూపాయల చిల్లర. ఆ లెక్కన రెండు గదుల వాటా 905 రూపాయలు. మనం పది చొప్పున తీసుకుంటే 1,500. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే ఉంటాయి, వాటిని కూడా యూనిట్ల లెక్కనే పంచవచ్చు. అదే గదికి వేరే మీటరు ఉంటే 75 యూనిట్లకు ఇంధన చార్జీ 192 రూపాయలే. వేరే మీటరుకు దరఖాస్తు పెట్టుకోగలిగిన వాళ్లు పెట్టుకోండి. లేనివాళ్లు బిల్లు ఫొటో తీసి పిల్లలకు పంపి, మొత్తాన్ని యూనిట్లతో భాగించండి. నేను చేసేది అదే. ప్రతి నెలా ఐదు నిమిషాల పని.

ఈ ఆరు వందల రూపాయల తేడా మనకు చిన్నదిగా అనిపించవచ్చు. 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో ప్రభుత్వం డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థి తిండికీ వసతికీ కలిపి ఏడాదికి 20,000 రూపాయలు లెక్కగట్టింది. పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,667. అదీ ఒకేసారి కాదు, వాయిదాల్లో. పేద కుటుంబానికి ఒక పిల్లవాడి తిండి, వసతి కోసం ప్రభుత్వం పెట్టుకున్న అంచనా అది. మన గదికి అద్దె మాత్రం ప్రతి నెలా ఐదో తేదీకల్లా రావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఆ పిల్లలు రాత్రి పూట క్యాటరింగ్ పనులకు వెళ్లి, బైకుల మీద భోజనాలు చేరవేసి పూడ్చుకుంటున్నారు. అర్ధరాత్రి గేటు చప్పుడైందని మనం విసుక్కునేది చాలాసార్లు వాళ్ల మీదే.

ఇప్పుడు కష్టమైన మాట. గది చూడడానికి వచ్చినవాళ్లను మనం మొదట అడిగేది ఏమిటి? ఇంటి పేరు. ఇంటి పేరుతో తేలకపోతే ఊరు. ఊరితోనూ తేలకపోతే ఊళ్లో ఏ వైపు అని అడుగుతాం. ఆ తరువాత కూడా అర్థం కాకపోతే నేరుగా ‘మీరెవరు?’ అనేస్తాం. జవాబు మనకు నచ్చకపోతే అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది ఆ క్షణంలో నిండిపోతుంది. ‘నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారమ్మా’ అంటాం. కొందరు మాంసం వండకూడదన్న షరతు పెడతారు. నిజంగా శాకాహారులైన ఇళ్లలో ఆ షరతును నేను తప్పు పట్టను, వాళ్ల వంటగదీ అలవాట్లూ వాళ్లవి. ఆదివారం నాడు తమ ఇంట్లోనే కోడి కూర వండుకునేవాళ్లు ఆ షరతు పెడుతున్నారంటే, అది కూర గురించి కాదని గేటు అవతల నిలబడ్డ పిల్లకు వెంటనే తెలిసిపోతుంది.

మా దగ్గర రెండేళ్లు ఉండి ఎమ్మెస్సీ పూర్తి చేసిన ఒక అమ్మాయి చివరి రోజున నాతో ఒక సంగతి చెప్పింది. గది కోసం తిరిగిన రోజుల్లో ఒక ఇంట్లో మంచినీళ్లు అడిగితే ఇచ్చారట. తరువాత వివరాలు అడిగారట. ఆమె చెప్పాక ఆ గ్లాసును లోపలికి తీసుకువెళ్లకుండా అరుగు మీదే ఉంచేశారట. ఆ అమ్మాయి విశ్వవిద్యాలయంలో మంచి ర్యాంకు తెచ్చుకుని వచ్చింది. ఇంత పెద్ద ఊళ్లో, ఇన్ని కళాశాలల మధ్య ఇలా జరుగుతోందంటే నాకు నిద్ర పట్టలేదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి డెబ్భై అయిదేళ్లు దాటింది. మన గేటు లోపలికి ఆ అధికరణం ఇంకా రాలేదా? గది అద్దెకు కావాలని వచ్చినవారిని మూడు విషయాలు అడిగితే చాలు. ఏ కళాశాల, ఎన్నాళ్లు ఉంటారు, అద్దె ఎవరు కడతారు. నాలుగోది అడిగే అవసరం మనకు లేదు.

ఆడపిల్లలకు ఇచ్చే ఇళ్లలో ఇంకొకటి జరుగుతోంది. జాగ్రత్త పేరుతో మారు తాళం మన దగ్గర ఉంచుకుని, వాళ్లు కాలేజీకి వెళ్లినప్పుడు గది తెరిచి చూడడం. బీరువా తెరిచినవాళ్లూ ఉన్నారు. ఎవరు వచ్చారు, ఏ ఫోను వచ్చింది అని ఆరా తీసి ఊళ్లో తల్లిదండ్రులకు ఫోను చేసేవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క ఫోనుతో చదువు ఆగిపోయి పెళ్లి చూపులు మొదలైన ఇళ్లు నాకు తెలుసు. మనం చేసింది జాగ్రత్త అనుకున్నాం, ఆ పిల్ల భవిష్యత్తు మారిపోయింది. అద్దెకిచ్చాక గది ఆ పిల్లది. ట్యాంకు చూడాలన్నా, పైపు బాగు చేయించాలన్నా ముందు రోజు చెప్పి వెళ్లాలి. నేను చెప్పిన నమూనా చట్టంలో కూడా ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయాలని ఉంది, ఉదయం 7 నుంచి రాత్రి 8 మధ్యలోనే వెళ్లాలని ఉంది. మా గదుల మారు తాళం నా దగ్గర కవరులో అతికించి ఉంటుంది. ఆ అతుకు మీద ఆ పిల్లల సంతకం ఉంటుంది. అగ్గి ప్రమాదమో, ఆరోగ్యం బాగాలేకపోవడమో అయితే తప్ప దాన్ని చింపను.

మన భయాలు కూడా రాయాలి, లేకపోతే ఇది ఏకపక్షంగా ఉంటుంది. ఇద్దరమని చెప్పి చేరి ఐదుగురు ఉంటారు. పరీక్షలైపోయిన రాత్రి పాటలు పెట్టి వీధినంతా లేపుతారు. రెండు నెలల అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రే సామాను సర్దుకుని పోయినవాళ్లున్నారు. ఎక్కడో గొడవలో ఇరుక్కుంటే పోలీసులు మన గుమ్మంలోకి వస్తారు. ఖాళీ చేయమంటే చేయరేమో, ఇల్లు చేజారిపోతుందేమో అన్న దిగులు ముఖ్యంగా ఒంటరిగా ఉండే నా వంటి ఆడవాళ్లకు ఎక్కువ. ఇవన్నీ నాకూ ఉన్నాయి. ఈ భయాల్లో ఒక్కదానికైనా ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అన్న బోర్డు మందు కాదని మాత్రం చెప్పగలను. కుటుంబాలు ఎగ్గొట్టలేదా? కుటుంబాలు గొడవలు పడలేదా?

మందు ఆ కాగితమే.  అద్దె ఒప్పందాన్ని సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. విద్యా సంవత్సరానికి ఆ గడువు చక్కగా సరిపోతుంది. గదిలో ఎంతమంది ఉంటారో పేర్లతో సహా అందులో రాస్తే అంతకు మించి ఇంకో మనిషి వచ్చిన రోజున మన చేతిలో మాట ఉంటుంది. కళాశాల గుర్తింపు కార్డు, ఆధార్ నకలు, తండ్రి ఫోను నంబరు, తల్లి ఫోను నంబరు తీసుకుని, పోలీసు స్టేషనులో అద్దెదారు వివరాలు ఇస్తే రేపు ఏదైనా జరిగినా మనం చెప్పాల్సింది ముందే చెప్పినట్టు ఉంటుంది. రాత్రి పదిన్నర తరువాత చప్పుడు ఉండకూడదని రాయండి. ఖాళీ చేయాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలని రాయండి. రాసి సంతకం పెట్టించిన షరతును పిల్లలు గౌరవిస్తారు, నా ఇంట్లో ఇది రుజువైంది. నోటికి వచ్చినప్పుడల్లా పెట్టే కొత్త షరతును ఎవరూ గౌరవించరు.

ఆ కాగితం వాళ్లకు ఇంకా ఎన్నో పనులకు అవసరం. బ్యాంకు ఖాతాలో చిరునామా మార్చుకోవాలన్నా, ద్విచక్ర వాహనం లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలన్నా నివాస ఆధారం అడుగుతారు. ఆ మాత్రం సాయం చేస్తే మన ఇల్లు ఎక్కడికీ పోదు.

నాగార్జున విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న ఊళ్ల యజమానులకు విడిగా రెండు మాటలు. మీ దగ్గర అద్దె నగరం కన్నా తక్కువే, అది మంచిదే. అయితే చాలా చోట్ల ఇంటి వెనక పశువుల పాకను, ధాన్యం గదిని రేకులు కప్పి గదులుగా మార్చారు. వేసవిలో 45 డిగ్రీలు తాకే మన జిల్లాలో రేకుల కింద కూర్చుని ఏప్రిల్ పరీక్షలకు చదవడం ఎంత కష్టమో ఒక మధ్యాహ్నం మీరే ఆ గదిలో కూర్చుని చూడండి. రేకుల మీద ఎండుగడ్డి పరిచినా, లోపల ఫాల్ సీలింగ్ వేయించినా వేడి కొంత తగ్గుతుంది. రెండోది, జాతీయ రహదారి నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో వీధి దీపాలు. సాయంత్రం ప్రయోగశాల ముగించుకుని బస్సు దిగి నడిచి వచ్చే ఆడపిల్లల కోసం పంచాయతీని మీరు అడిగితే పని అవుతుంది. వాళ్లు అడిగితే ఎవరూ వినరు, వాళ్లకు అక్కడ ఓటు లేదు.

అమరావతిలో పనులు ఊపందుకున్నప్పుడల్లా మన అద్దెలు కూడా ఎగురుతాయి. 2016లో హైదరాబాదు నుంచి ఉద్యోగులు వచ్చినప్పుడు గుంటూరు, విజయవాడ రెండు చోట్లా ఏమి జరిగిందో చూశాం. చదువు మధ్యలో ఉన్న పిల్లలను ‘కొత్త అద్దె ఇస్తే ఉండండి, లేకపోతే వచ్చే నెల ఖాళీ చేయండి’ అని పంపించిన ఇళ్లు ఉన్నాయి. అద్దె పెంచుకోండి, కాదనను. పదకొండు నెలలు నిండాకే పెంచండి. పరీక్షల నెలలో మాత్రం ఎవరినీ గది వెతుక్కోమని రోడ్డు మీదకు పంపకండి.

ప్రైవేటు హాస్టళ్లు నడిపే వారితో ఎక్కువ చెప్పను, చెప్పాల్సింది చాలా ఉన్నా. ఒకే మెట్లదారి ఉన్న భవనంలో కింద గ్యాస్ సిలిండర్లు, పైన నాలుగు అంతస్తుల్లో పిల్లలు, రాత్రి షట్టరుకు తాళం. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు రేగి ఎంతమంది ప్రాణాలు పోయాయో మరిచిపోయామా? షట్టరు తాళం లోపలి నుంచి తీయగలిగేలా ఉండాలి. కొందరు నిర్వాహకులు బిల్లులో జీఎస్టీ కూడా కలుపుతున్నారు. నెలకు మనిషికి 20,000 రూపాయల లోపు ఉండి, వరుసగా కనీసం 90 రోజులు ఉండే హాస్టల్ వసతికి 2024 జూలై నుంచి ఆ పన్ను లేదు. పిల్లలూ, తల్లిదండ్రులూ ఈ సంగతి తెలుసుకుని అడగాలి.

కళాశాలల ప్రిన్సిపాళ్లకు కూడా ఈ లేఖ చేరుతుందని ఆశిస్తున్నాను. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లో కళాశాల బయట నడిచే ప్రైవేటు హాస్టళ్లు, లాడ్జీలు స్థానిక పోలీసుల వద్ద నమోదు కావాలని, అందుకు విద్యాసంస్థ అధిపతి సిఫార్సు ఉండాలని ఉంది. అంటే గేటు దాటాక పిల్లల బాధ్యత మాది కాదనడానికి వీలు లేదు. మీరు ఒక పని చేయగలరు. రాతపూర్వక ఒప్పందం ఇస్తామని ఒప్పుకున్న యజమానుల గదుల జాబితా తయారుచేసి జూన్ నెలలోనే నోటీసు బోర్డులో పెట్టండి. అద్దె, దూరం, ఎంతమందికి చోటు అన్నవి అందులో ఉంటే చాలు. అప్పుడు వినుకొండ నుంచి వచ్చిన తండ్రి బ్రోకర్ దగ్గరికి కాకుండా నేరుగా కళాశాలకే వస్తాడు. ఆ జాబితాలో మొదటి పేరుగా నా రెండు గదులు రాసుకోండి.

యజమానులారా, నేను వాడుతున్న ఒప్పందం తెలుగులో ఒకే పేజీ. ఒక న్యాయవాది చూసి సరిదిద్దారు. అందులో అద్దె, రెండు నెలలకు మించని అడ్వాన్సు, కరెంటు లెక్క పద్ధతి, గదిలో ఉండేవారి పేర్లు, నీళ్లు వదిలే వేళలు, సందర్శకులు ఎంతవరకు ఉండవచ్చో, ఖాళీ చేయడానికి నెల గడువు, ఖాళీ చేసిన రోజు అడ్వాన్సు తిరిగి ఇచ్చే పద్ధతి ఉన్నాయి. సున్నాలకు పట్టుకునే మొత్తం ఎంతో ముందే అంకెల్లో రాసి ఉంటుంది, అంతకు మించి పట్టుకోను. చేరిన రోజున గది గోడలు, కుళాయిలు, ఫ్యాను, తలుపు గడియ ఫోనులో ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటాం. ఖాళీ చేసే రోజు వాటినే పక్కన పెట్టుకుని చూస్తాం, వాదన ఉండదు.

దాని నకళ్లు మా ఇంట్లో ఉన్నాయి. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం యజమానులు ఎవరైనా సాయంత్రాలు వచ్చి తీసుకోవచ్చు, మార్పులు ఏమైనా అవసరమనిపిస్తే కూర్చుని మాట్లాడుకుందాం. ఈసారి కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు మన లైనులో కనీసం పది ఇళ్లలో ఈ కాగితం ఉండాలని నా కోరిక. ఇప్పటికి ముగ్గురు ఒప్పుకున్నారు.

ఇట్లు,
బ్రాడీపేటలో విద్యార్థులకు రెండు గదులు అద్దెకిచ్చే ఒక యజమానురాలు,
గుంటూరు.